సికిందరాబాదు: సంధిపత్రంలోంచి పుట్టిన పట్టణం

హైదరాబాదు నుండి సికిందరాబాదు పోయే పాతదారి హుస్సేన్ సాగరు కట్టమీదుగా ఉన్నది. కట్టకు దక్షిణాన నిజాము పాలన. ఉత్తరాన భూమి నిజాముదే కాని, 1945 వరకు అధికారం ఇంగ్లీషువారిది. కట్ట దాటితే న్యాయస్థానం మారేది, చట్టం మారేది, చేతిలోని రూపాయి కూడా మారేది. ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు.

ఇక్కడ యుద్ధమేమీ జరగలేదు. ఇంగ్లీషువారు కోటను ముట్టడించి గెలిచినదీ లేదు. అట్లయితే వారి దండు ఇక్కడ ఎట్లా దిగినది?

1795లో ఖర్డా వద్ద నిజాం అలీఖాన్ మరాఠాల చేతిలో ఓడిపోయినాడు. మిత్రులమని చెప్పుకొన్న కుంపిణీవారు అప్పుడు తటస్థంగా ఉండిపోయినారు. ఆ కోపంతో ఆయన ఫ్రెంచి దళపతి రేమాన్ పటాలాలను మరింత పెంచినాడు. కాని 1798 మార్చిలో రేమాన్ మరణించినాడు. అదే ఏట గవర్నరు జనరలుగా వచ్చిన వెల్లెస్లీ ఆలస్యం చేయలేదు. సెప్టెంబరు 1న సంధి కుదిరినది. కుంపిణీ పటాలాలు ఆరు హైదరాబాదులో ఉండాలి. వాటి ఖర్చు, సాలుకు 24 లక్షల రూపాయల పైచిలుకు, నిజాము భరించాలి. ఫ్రెంచివారిని తొలగించాలి. అక్టోబరులో, జీతాల బకాయిలకై ఫ్రెంచి దళపు సిపాయిలు తమ అధికారులనే బంధించిన అదను చూసి, కుంపిణీ సేనలు చుట్టుముట్టి రక్తపాతం లేకుండా ఆయుధాలు దింపించినవి.

దీనినే చరిత్ర గ్రంథాలలో సైన్య సహకార పద్ధతి అంటారు. మామూలుగా సిపాయి తనకు జీతమిచ్చేవాని మాట వింటాడు. ఇక్కడ జీతం నిజాముది, ఆజ్ఞ కుంపిణీది. ఇతర రాజులతో నిజాము సొంతంగా రాయబారాలు నడపరాదని 1800లో మరొక షరతు చేరినది. అనగా తన శత్రువెవరో నిర్ణయించుకొనే హక్కు కూడా ఆయనకు మిగలలేదు.

ఆ 1800 అక్టోబరు సంధిలో అసలు విషయం వేరే ఉన్నది. పటాలాలను పెంచినారు, నగదుకు బదులు భూమి పుచ్చుకొన్నారు. 1792, 1799 సంవత్సరాలలో మైసూరు రాజ్యం నుండి నిజాము వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు నవాబు కట్టే పేష్కషుతో సహా కుంపిణీపరమైనవి. అవే దత్తమండలాలు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకొన్నది ఈ సీమకే. ఆ విధంగా హుస్సేన్ సాగరు ఒడ్డున కవాతు చేసే సిపాయి కోసం కడప రైతు ఏలిక మారిపోయినాడు. అతనిని ఎవరూ అడగలేదు.

1806లో ఆ దండు విడిసిన చోటుకు అప్పటి నిజాము సికందర్ జా పేర సికిందరాబాదు అని నామకరణం జరిగినది. డేరాలు పోయి బంగళాలు లేచినవి, బజార్లు వెలసినవి. జనం మాత్రం లష్కరు అనే అన్నారు. లష్కరు బోనాలు అనే మాటలో అది నేటికీ నిలిచి ఉన్నది.

తరువాతి కథ లెక్కల పుస్తకంలో నడిచినది. యుద్ధకాలంలో నిజాము తన సేనలను సాయం పంపాలని సంధిలో ఉండగా, రెసిడెంటు హెన్రీ రస్సెల్ దానిని ఆధారం చేసుకొని శాంతికాలంలో కూడా ఇంగ్లీషు అధికారుల కింద ఉండే మరొక సైన్యాన్ని పెంచినాడు. అదే హైదరాబాదు కంటింజెంటు. దాని ముఖ్యస్థానం బొల్లారం. ఖర్చు సాలుకు దాదాపు 40 లక్షలు. జీతాలకై ఖజానా అప్పులపాలైనది. విలియం పామర్ కంపెనీ వంటి వ్యాపారులు హెచ్చు వడ్డీకి అప్పులిచ్చినారు. చివరకు కుంపిణీయే అప్పిచ్చి, 1853లో బాకీ కింద బీరారును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివ్ ప్రాంతాన్ని తన అధీనం చేసుకొన్నది.

ఇక్కడ ఒక చిన్న పద్దు ఉన్నది. సికిందరాబాదు, జాల్నా దండు బజార్లలో సారా మీద వచ్చే అబ్కారీ ఆదాయాన్ని 1812 నుండి ఇంగ్లీషువారే తీసుకొన్నారు. ఆ సొమ్ము తమదని, సాలుకు సుమారు లక్ష చొప్పున 41 ఏండ్లకు కలిపితే బాకీ దాదాపు తీరిపోతుందని నిజాము ప్రభుత్వం వాదించినది. బీరారు తీసుకొన్ననాడు ఆ పద్దు లెక్కకు రాలేదు. అప్పు ఇచ్చినవాడే లెక్క రాసి, తీర్పు కూడా చెప్పితే ఇంతకన్న ఏమి జరుగుతుంది?

1857లో తమ పక్షాన నిలిచినందుకు 1860లో 50 లక్షల బాకీ రద్దుచేసి, రాయచూరు, ధారాశివ్ తిరిగి ఇచ్చినారు. అప్పు పోయినా బీరారు తిరిగి రాలేదు. దివాను సాలార్ జంగ్ ఏండ్ల తరబడి అడిగినాడు, ఫలితం లేదు. 1902లో కర్జన్, నిజాము మహబూబ్ అలీఖాన్ చేత దానిని సాలుకు 25 లక్షలకు శాశ్వత కౌలుగా రాయించుకొన్నాడు. బీరారును పోగొట్టిన బాకీ రెండేండ్ల కౌలుపాటి అన్నమాట.

1874లో వాడి నుండి రైలుమార్గం వచ్చినప్పుడు పెట్టుబడి భారం హైదరాబాదు రాజ్యానిది, ఆఖరు స్టేషను దండు ఉన్న సికిందరాబాదు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించిన రొనాల్డ్ రాస్ కూడా ఈ దండుతో వచ్చిన సైనిక వైద్యుడే. దోమలచేత కుట్టించుకొన్న రోగి హుస్సేన్ ఖానుకు దోమకు ఒక అణా చొప్పున ముట్టినది.

1945లో కంటోన్మెంటు మినహా సికిందరాబాదు బజార్లు నిజాము పాలనకు తిరిగి వచ్చినవి. బీరారు 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో చేరినది.