గగనమున చమురు, అద్దంకి దారిన ఆశ్రయము

ఎగురుచున్న విమానమునకు గొట్టముతో చమురందించు సాహసము 1923 జూన్ 27న అమెరికాలోని శాన్ డియాగోలో ఫలించినది. పైవిమానము నుండి జారవిడిచిన గొట్టమును క్రిందివిమానములోనివాడు చేతితోనే అందిపుచ్చుకొనెను! పిమ్మట ఏక్రాన్ అను గాలి ఓడ, తన కడుపు క్రింద వ్రేలాడు దూలమునకు చిన్న విమానములను తగిలించుకొని లోనికి లాగుకొనెడిది. 1933లో అది కడలిలో కూలి 73 మందిని బలిగొన్నది.

మన సుఖోయ్-30 గాలిలోనే చమురు త్రాగగలదు. దిగుటకు మాత్రము నేల కావలసినదే. ఆ నేలను అద్దంకి చెంత, 16వ జాతీయ రహదారిపై 4.1 కిలోమీటర్ల నిడివిన, 33 మీటర్ల వెడల్పున అమర్చిరి. 2024 మార్చి 18న సుఖోయ్, హాక్ విమానములు దిగివచ్చి, నేల తాకకయే పైకి లేచినవి. ఏఎన్-32, డోర్నియర్ విమానములు దిగి, మరల ఎగిరినవి. 1977 నవంబరు ఉప్పెన నెరిగిన ఈ తీరవాసులకు ఈ రెండవ జంటయే ముఖ్యము. దారులు తెగిన నాడు బియ్యము, మందులు దింపవలసినవి అవియే.