వేసవి ఒలింపిక్స్‌లో మంచు ఆట

ఐస్ హాకీ ఒలింపిక్స్‌లో తొలిసారి అడుగుపెట్టింది వేసవి క్రీడల్లో. 1920లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ప్రారంభోత్సవం ఆగస్టులో జరిగితే, ఈ పోటీలు ఏప్రిల్ 23 నుంచి 29 దాకా, అంతకు మూడున్నర నెలల ముందే ముగిసిపోయాయి. శీతాకాల ఒలింపిక్స్ అప్పటికింకా పుట్టలేదు. కావేరి ఏనాడూ గడ్డకట్టని మన దక్షిణాదిలో హాకీ అంటే మట్టి మీద ఆటే. ఆ హాకీలో భారత్‌కు మొదటి స్వర్ణం 1928లో వచ్చింది. అయితే దేశం తన తొలి అధికారిక ఒలింపిక్ జట్టును పంపింది ఈ ఆంట్‌వెర్ప్‌కే.

గడ్డకట్టిన చెరువుల మీద కర్రలతో ఆడే ఆటలు చలిదేశాల్లో ఏనాటివో. వాటిని నాలుగు గోడల మధ్యకు తెచ్చింది మాంట్రియల్. 1875 మార్చి 3న అక్కడ జేమ్స్ క్రైటన్ అనే ఆయన పూనికతో జట్టుకు తొమ్మిదిమంది చొప్పున ఆడారు. బంతి ఎగిరి చూసేవాళ్లకు తగలకుండా చదునైన చెక్కబిళ్ల వాడారు. నేటి పక్‌కు పూర్వరూపం అదే.

ఆంట్‌వెర్ప్‌కు ఏడు దేశాలు వచ్చాయి. అమెరికా స్విట్జర్లాండ్‌ను 29-0తో ఓడించింది. కెనడా తరఫున ఆడిన విన్నిపెగ్ ఫాల్కన్స్ కథ మాత్రం అంకెలకు లొంగదు. వాళ్లలో దాదాపు అందరూ ఐస్‌లాండ్ నుంచి వలసవచ్చిన కుటుంబాల పిల్లలు. సొంత ఊరి పెద్ద లీగ్ వాళ్లను చేర్చుకోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో జట్టు జట్టంతా సైన్యంలో చేరింది. ఇద్దరు తిరిగి రాలేదు. కెప్టెన్ ఫ్రాంక్ ఫ్రెడ్రిక్‌సన్ ఎక్కిన ఓడ మధ్యధరాలో టార్పెడో దెబ్బకు మునిగితే, తన ఫిడేలును వదలకుండా బయటపడ్డాడని చెబుతారు. అలాంటివాళ్లు చెకోస్లొవేకియాను 15-0తో, అమెరికాను 2-0తో, స్వీడన్‌ను 12-1తో గెలిచి స్వర్ణం అందుకున్నారు. చెకోస్లొవేకియా మొత్తం పోటీల్లో కొట్టింది ఒక్క గోలు. స్వీడన్ మీద కొట్టిన ఆ గోలే కాంస్యం తెచ్చిపెట్టింది.

అప్పట్లో జట్టుకు ఏడుగురు. ఏడో ఆటగాడు రోవర్. అతడికి కట్టుబాటైన చోటు లేదు, మైదానమంతా అతడిదే. ఎవరైనా గాయపడి తప్పుకుంటే బదులు ఆటగాడు వచ్చేవాడు కాదు, ఎదుటి జట్టే ఒకరిని తగ్గించుకునేది. 1924లో షామొనీలో ఆట ఆరుగురికి కుదిరింది, రోవర్ మాయమయ్యాడు. రెండు జట్లూ సమానంగా నష్టపోవాలన్న ఆ మర్యాద కూడా పోవడం ఆటకు పెద్ద లోటే.

ఆంట్‌వెర్ప్ పోటీలు జరిగిన 1920లోనే కెనడాలో స్టాన్లీ కప్ ఐస్ హాకీ ఆఖరి ఆటలను, ఒటావాలో మంచు మెత్తబడడంతో, యంత్రాలతో గడ్డకట్టించిన టొరంటో మంచు మీదికి మార్చవలసి వచ్చింది. సిమ్లాలో బ్లెసింగ్టన్ అనే ఆయన టెన్నిస్ కోర్టులో నీళ్లు గడ్డకట్టించి స్కేటింగ్ రింక్ వేసిందీ ఆ ఏడే.