పైకప్పు దగ్గరి అర

గురుదక్షిణకు కోటి బంగారు నాణేలు కావాలి. అడుగుదామని ముగ్గురు శిష్యులు నందరాజు దగ్గరికి వెళ్లేసరికి ఆయన కాస్తా పోయాడు. వాళ్లలో యోగం తెలిసిన ఇంద్రదత్తుడు తన శరీరాన్ని ఒక పాడుగుడిలో వదిలి రాజు దేహంలోకి దూరాడు. వ్యాడి ఆ గుడిలో కాపలా కూర్చున్నాడు. వరరుచి వెళ్లి చెయ్యి చాచాడు. చచ్చిన రాజు లేచాడు సరే, లేస్తూనే కోటి దానమేమిటని మంత్రి శకటాలుడికి అనుమానం వచ్చింది. రాకుమారుడు పసివాడు, చుట్టూ శత్రువులు. ఎవడో ఒకడు సింహాసనం మీద ఉండటమే మేలనుకుని, ఊళ్లో శవమన్నది కనిపిస్తే కాల్చెయ్యమన్నాడు. గుడిలోని శరీరమూ బూడిదైంది. ఇంద్రదత్తుడు నందుడిగానే మిగిలిపోయాడు.

శాతవాహనుల కొలువులోని గుణాఢ్యుడు రాశాడని చెప్పే బృహత్కథ మనకు దక్కలేదు. దాన్ని 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు తిరిగి చెప్పిన కథాసరిత్సాగరంలో ఈ నందుడి కథ ఉంది. శంకరాచార్యులు అమరుక రాజు దేహంలో ప్రవేశించిన కథలోనూ శిష్యులు గురువు శరీరాన్ని కాపాడుతూ కూర్చుంటారు. గమనించండి: ఈ కథల్లో బయటికి వెళ్లినవాడు తన ఒంటి వంక తిరిగి చూసుకోడు. విప్పిన చొక్కాలా వదిలేసి పోతాడు. దాని బాగోగులు వేరేవాళ్ల పని.

ఇలా తిరిగి చూసుకోకపోవడం కథలకే పరిమితం కాదు. చావు అంచుదాకా వెళ్లొచ్చామన్న 16 మంది భారతీయుల అనుభవాలను పరిశోధకులు సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్సన్ 1986లో ప్రచురించారు. యమదూతలు పట్టుకుపోవడం, అక్కడ పుస్తకం తిరగేసినాయన ఇతను కాదనడం, వెనక్కి పంపించడం వాటిలో మళ్లీ మళ్లీ వస్తుంది. రెండేళ్ల తర్వాత వచ్చిన 'యముడికి మొగుడు' సినిమా చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. అమెరికన్లు తరచూ చెప్పే మాట మాత్రం, పైనుంచి నా శరీరాన్ని నేనే చూశానన్నది, వీళ్ల నోట అరుదు. బయటికి వెళ్లే దారి కూడా ఊరిని బట్టి మారుతుందన్నమాట.

పైకి తేలి కిందికి చూసేవాళ్లకు పరీక్ష పెట్టడం తేలికే అనిపించింది అమెరికన్ మనస్తత్వవేత్త చార్లెస్ టార్ట్‌కు. కాలిఫోర్నియాలోని ప్రయోగశాలలో ఒక యువతిని పడుకోబెట్టి, తలకు ఈఈజీ తీగలు తగిలించి, ఆమెకు అందనంత ఎత్తులో ఉన్న అర మీద ఐదంకెల సంఖ్య రాసిన కాగితం పెట్టాడు. నాలుగో రాత్రి తెల్లవారుజామున ఆమె చెప్పింది: 25132. సరిగ్గా అదే. 1968లో ఫలితం అచ్చువేస్తూ టార్టే ఒక సందేహం ఒప్పుకున్నాడు. అర పైన గోడ గడియారం ఉంది. దాని మీద అంకె ప్రతిబింబించి ఉండొచ్చు. అంత జాగ్రత్తగా అర కట్టినవాడు గడియారం సంగతి మరిచాడేమిటో!

అసలు సంగతి 2002లో జెనీవాలో బయటపడింది, అదీ వెతక్కుండానే. మూర్ఛరోగం ఉన్న 43 ఏళ్ల మహిళకు మూర్ఛ మెదడులో ఎక్కడ మొదలవుతోందో పట్టుకోవడానికి నాడీవైద్యుడు ఒలాఫ్ బ్లాంకే బృందం పుర్రె కింద ఎలక్ట్రోడ్లు అమర్చింది. కుడి చెవికి కాస్త పైన, వెనకగా ఉండే యాంగ్యులర్ గైరస్ అనే మడతకు కొద్దిగా కరెంటు ఇస్తే మంచంలోకి కూరుకుపోతున్నట్టుందని చెప్పింది. మోతాదు పెంచితే పైకప్పు దగ్గరికి తేలిపోయింది. కింద తనే పడుకుని కనిపించింది, కాని నడుము నుంచి కాళ్ల దాకా మాత్రమే. కాళ్లు ముడిచి చూడమంటే అవి మొహం మీదికి దూసుకొస్తున్నాయని తప్పుకోబోయింది. కన్ను చూసేదీ, చర్మం తాకేదీ, లోచెవి చెప్పే తూకమూ కలిసి 'నేనిక్కడున్నాను' అన్న భావన అయ్యే చోటు అది. ఆ లెక్క తప్పితే మనిషి తన మంచానికి పైన తేలతాడు.

అయినా అర మీద ఆశ చావలేదు. గుండె ఆగి బతికినవాళ్ల అనుభవాలను పరీక్షించడానికి వైద్యుడు శామ్ పార్నియా బృందం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రియాల్లోని 15 ఆసుపత్రుల్లో, పైనుంచి చూస్తేనే కనబడేలా బొమ్మలు పెట్టిన సుమారు వెయ్యి అరలు బిగించింది. 2014లో వెల్లడైన లెక్కల్లో గుండె ఆగిన ఘటనలు 2,060. బతికినవాళ్లలో ఇద్దరు మాత్రం చుట్టూ జరిగింది చూశాం, విన్నాం అన్నారు. ఆ ఇద్దరి గుండెలూ ఆగింది అరలు బిగించని గదుల్లో.