నాడి మీద చెయ్యి, ఊపిరి మీద కన్ను

వైద్య కళాశాలల్లోకి ఫిజియాలజీ ఎలా వచ్చిందో చెప్పే కథ దాదాపు ఎక్కడ చదివినా ఒకటే. 1847లో జర్మనీలో కార్ల్ లుడ్విగ్, ఒంట్లోని కదలికల్ని గీతగా గీసే కైమోగ్రాఫ్ తయారుచేశాడు. 1870లో మైకేల్ ఫోస్టర్ కేంబ్రిడ్జిలో పాఠాలు మొదలుపెట్టాడు. ఆయన శిష్యుడు న్యూవెల్ మార్టిన్ 1876లో అమెరికా వెళ్లి జాన్స్ హాప్కిన్స్‌లో ఆ చదువు నిలబెట్టాడు. 1910లో అమెరికా వైద్యవిద్యను పరిశీలించిన ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చాక అక్కడ ప్రయోగశాల లేని వైద్య కళాశాలలకు రోజులు దగ్గరపడ్డాయి. ఇండియా దగ్గరికి వచ్చేసరికి కథ ఒక్క వాక్యంలో తేలిపోతుంది: 1835లో కలకత్తా, మద్రాసుల్లో వైద్యవిద్య మొదలైంది, ఫిజియాలజీ కూడా ఆ ఓడలోనే దిగింది.

తేదీలతో పేచీ లేదు. పేచీ అంతా ఆ ఓడతోనే. తయారైన చదువును ఇక్కడివాళ్లు చేతులు చాచి అందుకున్నారన్న ఈ కథ 1880ల నాటి హైదరాబాదు ముందు నిలవదు.

నిజాం రాజ్యంలో వైద్య పాఠశాల 1846లో మొదలైంది. చదువు ఉర్దూలో సాగేది, పట్టా పేరు హకీం. 1885 నాటికి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, ఆ పాఠశాల బాధ్యత కూడా చేపట్టిన ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర చదువుకున్నవాడు. మత్తులో ఉన్న రోగి ఊపిరి కనిపెట్టుకుని ఉండమన్నది సైమ్ నేర్పిన పద్ధతి. లండన్ వైద్యుల్లో చాలామంది మాత్రం నాడి వదలొద్దనేవారు. పైకి చిన్న తేడాలా కనిపించినా దాని వెనక ప్రాణాలున్నాయి. 1848లో న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫాం ఇచ్చిన నిమిషాల్లోనే చనిపోయింది. అలాంటి చావుల్లో ముందు ఆగేది గుండె అని కొందరు, ఊపిరి అని కొందరు నలభై ఏళ్లపాటు వాదించుకున్నారు.

ఆ వాదాన్ని లారీ ప్రయోగంతో తేల్చాలనుకున్నాడు. 1888లో జరిగిన మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని చెప్పింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, ఆ పత్రిక తన మనిషిని పంపి చూసుకోవచ్చంటూ 1,000 పౌండ్లు ఇచ్చాడు. 1889లో రెండో కమిషన్ కోసం లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. అనుమానంతో వచ్చిన ఆ మనిషే లారీ మాట నిజమని తంతి పంపాడు. ఆ రెండో కమిషన్ సభ్యుల్లో రుస్తుంజీ హకీం అనే స్థానిక వైద్యుడూ ఉన్నాడు.

ఈ పని ఎలా జరిగేదో చూస్తే ఇది ఎంత గట్టి చదువో తెలుస్తుంది. కైమోగ్రాఫ్‌లో పీపాలాంటి డ్రమ్ము చుట్టూ నున్నటి కాగితం చుట్టి, పొగ మంట మీద తిప్పి మసి పట్టిస్తారు. జంతువు రక్తనాళానికి కలిపిన పాదరసపు గొట్టం పైకీ కిందికీ కదులుతుంటే, దానికి తగిలించిన సన్నటి మొన తిరుగుతున్న మసి మీద తెల్లటి గీత గీస్తుంది. పక్కనే మరో గీత ఊపిరిది. ఆ రెండింట్లో ఏది ముందు చదునవుతుందో చూడాలి. అలా 400కు పైగా జంతువుల మీద చూశారు. ఇంగ్లండులో 1876 చట్టం ఇలాంటి ప్రయోగాలకు అనుమతులు, షరతులు పెట్టింది. ఆ చట్టం ఇక్కడికి వర్తించేది కాదు. అన్ని ప్రయోగాలు ఇక్కడ సాధ్యం కావడానికి నిజాం ధనంతో పాటు ఇదీ ఒక కారణమే. ఆ మాట దాచి ఈ ఘట్టాన్ని పొగడకూడదు.

ఇక్కడే రెండు కథలు ఎదురవుతాయి. హైదరాబాదు అభిమానులు రాసినదాంట్లో కమిషన్ క్లోరోఫాం నిరపాయమని రుజువు చేసింది. మత్తువైద్య చరిత్రల్లో చాలావాటిలో అదొక ఖరీదైన పొరపాటు. రెండూ సగం సగమే. మోతాదు పెంచుకుంటూ పోతే ముందు ఊపిరే ఆగుతుంది, ఆ గీతలు అబద్ధం చెప్పలేదు. కానీ హానా గ్రీనర్ లాంటి పిల్ల చనిపోయింది లోతైన మత్తులో కాదు, మత్తు మొదట్లో. తేలికపాటి క్లోరోఫాంలో ఉన్న పిల్లుల రక్తంలోకి అడ్రినలిన్ చేరితే గుండె గదులు లయ తప్పి వణికి ఆగిపోతాయని గుడ్మన్ లెవీ 1911లో చూపించాడు. భయపడిన రోగి ఒంట్లోనూ ఊరేది ఆ అడ్రినలినే. హైదరాబాదులో ప్రయోగాలు ఎక్కువగా మోతాదు మీద, లోతైన మత్తు మీద సాగాయి. జవాబు సరైనదే, ప్రశ్నే ఇరుకు. వైద్య విద్యార్థికి ఫిజియాలజీ నేర్పాల్సిన పాఠాల్లో ఇంతకంటే విలువైనది అరుదు. అది తెలుగువాళ్లు తిరిగే వీధుల్లోనే పుట్టింది.

ఆ పాఠశాల ఈ వాదంలో తలమునకలుగా ఉన్న ఏళ్లలోనే రూపాబాయి ఫర్దూంజీ అక్కడ చదివింది. 1885లో చేరి 1889లో హకీం పట్టా అందుకుని, తర్వాత హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలన్న బిరుదు దగ్గరే ఆమె కథ ఆగిపోతుంటుంది. ఆమె శాస్త్రాన్ని నేర్చుకున్నదీ, రోగి పక్కన నిలబడి ఆ మత్తే ఇచ్చిందీ ఒకే ఊళ్లో అన్నది అంతకంటే పట్టించుకోవాల్సిన సంగతి.

తర్వాతి కథ వేగంగా చెప్పుకోవచ్చు. 1900లో సుబోధ్ చంద్ర మహలనోబిస్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఫిజియాలజీ శాఖ తెరిచాడు. 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల వచ్చింది. హైదరాబాదు పాఠశాల 1926లో ఉస్మానియా వైద్య కళాశాల అయింది. మసి డ్రమ్ము అన్నిచోట్లా ఉంది, దాని పక్కన కప్ప ఉంది. ఆ డ్రమ్ము ముందు తేలని ప్రశ్న మాత్రం లేదు. జవాబు ముందే తెలిసిన ప్రయోగాన్ని ఏటేటా చేసి, రికార్డు పుస్తకంలో అతికించి, సంతకం పెట్టించుకోవడమే ప్రాక్టికల్ అయింది.

భారత వైద్యమండలి 1997 నిబంధనలతో ఎంబీబీఎస్ మొదటి దశ ఏడాదిన్నర నుంచి ఏడాదికి తగ్గింది. 2014లో అదే మండలి కప్పల స్థానంలో కంప్యూటర్ నమూనాలు పెట్టమంది. కప్పల్ని మళ్లీ చంపమని ఎవరూ కోరనక్కర్లేదు. కానీ ఇప్పటి విద్యార్థి అచ్చయిన గ్రాఫు చూసి "ఇది కండరం అలసినప్పటి గీత" అని గుర్తుపడుతుందే తప్ప, ఆ గీత తడబడుతూ కిందికి జారడం కళ్లారా చూడదు. తోటి విద్యార్థి చేతికి పట్టీ కట్టి, పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడగానే ఒకసారి రక్తపోటు చూడటం లాంటి పనులు ఇంకా మిగిలున్నాయి. ఆ ప్రాక్టికల్ గంట ఈ చదువుకు ఆయువుపట్టు. పరీక్షలు దగ్గరపడగానే ముందు కోత పడేది దానికే. 2019 పాఠ్యప్రణాళిక మొదటి ఏడాదిలోనే విద్యార్థిని వార్డుకు తీసుకెళ్లమంది. ఇది మంచి మార్పు, ఆలస్యంగా వచ్చిన మార్పు.

అయితే ఫిజియాలజీ డాక్టర్ల సొత్తు మాత్రమే కాదు. బీఎస్సీ నర్సింగ్‌లో 2021లో వచ్చిన సెమిస్టర్ పద్ధతిలో అప్లైడ్ ఫిజియాలజీ మొదటి సెమిస్టర్‌తోనే ముగిసిపోతుంది. ఇంటర్ దాటి వచ్చిన అమ్మాయి ఆసుపత్రి వాసనకు అలవాటు పడేలోపే ఆ పుస్తకం మూతపడుతుంది. ఆపరేషన్ అయ్యాక స్పృహ రాని రోగి మంచం పక్కన అర్ధరాత్రి కూర్చునేది ఆమే. ఛాతీ లేచి పడటం లెక్కపెట్టేదీ, మణికట్టు మీద వేళ్లు ఆనించేదీ ఆమే. లారీ, లండన్ వైద్యులు కొట్లాడుకున్న ప్రశ్న రాత్రిపూట వచ్చి నిలబడేది ఆమె ముందే.