చెంప మీద తనాకా

మయన్మార్‌లోని యాంగోన్, మహాబందూల రోడ్డు. ఏప్రిల్ నెల, పొద్దున తొమ్మిదికే ఎండ మాడ్చేస్తోంది. తెయింజీ బజారులో ఒకామె సానరాయి మీద నాలుగు నీటిచుక్కలు చల్లి తనాకా కొమ్మ అరగదీస్తోంది. వెలగ, నిమ్మ కుటుంబపు చెట్టు అది. అరిగేది దాని బెరడు. లేత పసుపు గంధాన్ని రెండు వేళ్లతో తీసి మీ చెంపకు గుండ్రంగా పూస్తుంది. చల్లగా తగులుతుంది. ఆవిరయ్యే నీరు చెంపలోని వేడిని పట్టుకుపోతోంది మరి. ఆరేకొద్దీ చర్మం సన్నగా బిగుస్తుంది.

ఆ పూత నిలిచింది చర్మం పైపొరలోని చచ్చిన కణాల మీద. పదిహేను, ఇరవై వరసలు, వాటి సందుల్లో కొవ్వు. అంతా కలిపి మిల్లీమీటరులో వందో వంతు, మహా అయితే రెండు వంతులు. ఒంట్లో నీటిని బయటికి పోనివ్వకుండా కాపాడుతున్నది ఈ పలుచని పొరే! కింద పుట్టిన కణాలు పైకి జరుగుతూ నెల తిరిగేసరికి దీన్ని కొత్తగా మార్చేస్తాయి.

పక్కనుంచి ఒక పెద్దాయన వెళుతున్నాడు. ముంజేతి మీద పాత పచ్చబొట్టు. ఇన్నేళ్లయినా చెరగలేదంటే సూది లోచర్మం దాకా దిగిందన్నమాట. అక్కడున్నది సంయోజక కణజాలం: గట్టి కొల్లాజెన్ పోగులు, వాటి మధ్య సాగే ఎలాస్టిన్. చేతిమీది చర్మం గిల్లి వదలండి, వెనక్కి లాగేది ఎలాస్టినే. సిరాను అక్కడి భక్షక కణాలు మింగి దాచుకుంటాయి. ఒకటి చస్తే ఇంకొకటి అందుకుంటుంది.

దక్షిణంగా నడిస్తే స్ట్రాండ్ రోడ్డు, రేవు. 1930 నాటికి ఇక్కడ మూటలు మోసినవాళ్లలో ఎక్కువమంది కోరంగి, కాకినాడ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మన తెలుగువాళ్లే. బరువు ఒకేచోట ఒరుసుకుంటుంటే చర్మం అడుగు కణాలు జోరుగా విభజన చెంది పైపొరను మందం చేస్తాయి. వాళ్ల భుజాలు కాయలు కాసింది అలాగే. 1930 మే నెలలో స్థానిక కూలీలతో చెలరేగిన అల్లర్లలో ఆ తెలుగువాళ్లెందరో ఇక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన పుస్తకాల్లో వాళ్లకింకా తగిన చోటు దక్కలేదు, అది అన్యాయం.

ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం లోచర్మం దాకా దిగి కొల్లాజెన్‌ను దెబ్బతీస్తుంది. తనాకాలోని మార్మెసిన్ అనే పదార్థం ఆ కిరణాలను కొంత పీల్చుకుంటుంది. అయినా చెమటకు పూత కరిగిపోతుంది. ఎండలో పనిచేసేవాళ్లు తలకు టోపీ, ఒంటికి పొడుగు చేతుల చొక్కా మానకూడదు.