గట్టుకు మట్టి ఎక్కడిది?

2022 జూలైలో యానాం వీధుల్లో గోదావరి నీళ్లు నిలిచిన ఫొటోలు మన గ్రూపులో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. వాటి కింద అందరూ రాసేది ఒక్కటే, గట్టు ఎత్తు పెంచాలి అని. అలా అడగడంలో తప్పేమీ లేదు. గౌతమి నుంచి కోరింగ పాయ విడిపోయే చోట ఉన్న ఊరు మాది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను కళ్లారా చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. 2006లో 28 లక్షలు, 2022లో 25 లక్షలు దాటింది. గట్టు కావాలి, నిజమే. కానీ ఆ గట్టుకు మట్టి ఎక్కడ తవ్వుతారని మాత్రం ఎవరూ అడగరు.

ఒక లెక్క వేసి చూద్దాం. పైన 5 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు, రెండు పక్కలా మీటరు ఎత్తుకు రెండు మీటర్ల వాలు ఉన్న గట్టు అనుకోండి. కిలోమీటరు పొడవుకు 52 వేల ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. రోలరు తొక్కాక కుదించుకుపోయేది దీనికి అదనం. మీటరు లోతున తవ్వితే సుమారు 13 ఎకరాల పైపొర పోతుంది. మూడు మీటర్లు తవ్వితే నాలుగెకరాల పైచిలుకుతో సరిపోతుంది. కాగితం మీద రెండోదే లాభం అనిపిస్తుంది. నేల మీద కాదు.

ఇసుక గట్టుకు పనికిరాదు, నీరు కారిపోతుంది. బంకమన్ను కావాలి. డెల్టాలో ఆ మన్ను ఉండేది పంట పండే పైపొరలో, లంకల్లో. దాని కింద చాలాచోట్ల ఇసుకే.

ఇక పాత కథకు వద్దాం. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహాలు గోదావరి జిల్లాల్లో ఊరూరా కనిపిస్తాయి. తట్ట మోసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువుకట్ట, కాలవ, రైలుకట్ట, ఏది కట్టాలన్నా ముందు కబురు వెళ్లేది వడ్డెరలకు, ఉప్పర్లకు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలో వడ్డెరల గురించి పెద్ద అధ్యాయమే ఉంది. కర్ణాటకలో భోవి, తమిళనాడులో ఒడ్డర్, బోయర్, మహారాష్ట్రలో వడార్ అనే పేర్లతో ఉన్న మన సభ్యుల కుటుంబాలు ఎన్నో ఈ పని వెంటే నడిచి వెళ్లి, పని ఉన్న చోటే స్థిరపడ్డాయి.

వాళ్ల కూలి లెక్క గట్టు దగ్గర కాదు, గోతి దగ్గర తేలేది. గోతి మధ్యలో తవ్వకుండా ఒక దిమ్మ వదిలేవారు. ఆ దిమ్మ ఎత్తు కొలిచి, తవ్విన మట్టి ఎంతో కట్టి డబ్బులిచ్చేవారు. మట్టిని ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకు ఎక్కించారు అనేదాన్ని బట్టి రేటు మారేది. ఇంజనీర్ల భాషలో లీడ్, లిఫ్ట్. లోతు పెరిగితే లిఫ్ట్ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. మగవాళ్లు పలుగూ పారతో తవ్వుతుంటే ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని మోసే పనిలో లోతు గొయ్యి ఎవరికీ కలిసిరాదు. అందుకే పాత గోతులు వెడల్పుగా, లోతు తక్కువగా ఉండేవి. పర్యావరణం అనే మాట ఎవరూ ఎరగని కాలంలో ఆ పని చేసిపెట్టింది మనిషి మెడ నొప్పి అంటే అతిశయోక్తి కాదు.

ఈ గోతులను ఇంజనీర్లు బారో పిట్లు అంటారు. ఇంగ్లీషులో బారో అంటే అప్పు తీసుకోవడం. వీలైనంతవరకు నది వైపు, గట్టు పాదానికి దూరంగా తవ్వాలని, మధ్యమధ్య అడ్డకట్టలు వదలాలని వాళ్ల నియమం. అడ్డకట్ట లేకపోతే గోతులన్నీ కలిసి గట్టు వెంబడే ఒక కాలవ అవుతుంది, వరద దాంట్లో పరుగెత్తి గట్టునే కోస్తుంది. నది వైపే ఎందుకంటే, ఏటా వరద ఒండ్రు తెచ్చి గొయ్యి పూడుస్తుందని. తీసుకున్న అప్పును గోదావరే తీర్చేది.

ఇప్పుడు ఆ అప్పు తీరడం లేదు. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏడాదికి 15 కోట్ల టన్నులు ఉండగా, 1990లలో 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని డెల్టా తీరం కోత మీద పరిశోధించినవారు లెక్క కట్టారు. మిగతాది ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతోంది. ఇంకోపక్క పొక్లెయిన్‌కు మెడ నొప్పి లేదు. మూడు మీటర్లయినా, ఆరు మీటర్లయినా బకెట్ దించితే చాలు. తవ్వేది పెరిగింది, పూడేది తగ్గింది. పైగా లంక మట్టి మీద ఇటుక బట్టీల కన్ను ఎలాగూ ఉంది. గట్టు పేరుతో తవ్విన లోడు బట్టీకి వెళ్లదని హామీ ఇచ్చేదెవరు?

ఊరి వైపు తవ్వితే ఇంకా చేటు. పైనున్న బంకపొర పలచబడితే, వరద నీరు కింది ఇసుక పొరలోంచి గట్టు కిందుగా వచ్చి ఇవతల ఊటలై పైకి తంతుంది. ఊటలో ఇసుక కూడా వస్తుంటే గట్టు లోపల గుల్లవుతున్నట్టే. అంటే గట్టు కోసం తవ్విన గొయ్యే గట్టును దింపేయగలదు. మా వైపు సముద్రం దగ్గర కాబట్టి లోతుకు వెళ్తే ఉప్పునీరు తగిలే ప్రమాదమూ ఉంది. గొయ్యి ఊళ్లోదైతే మురుగు చేరుతుంది, గుర్రపుడెక్క అల్లుకుంటుంది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమకు మురుగునీరంటే ప్రాణం. మలేరియా దోమ గుట్టును రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో తేల్చాడు. ఆ తర్వాత బెంగాల్ ప్రజారోగ్య డైరెక్టర్ బెంట్లీ 1925 నాటి పుస్తకంలో, అక్కడి పల్లెల్లో మలేరియా పెరగడానికి వరద నీటిని పొలాలకు రాకుండా ఆపిన కట్టలే కారణమని వాదించాడు. వందేళ్ల కిందటి మాట ఇది.

గోతులన్నీ చెడ్డవని నేననను. లోతు తక్కువై, వాలుగా ఉండి, ఏటా వరద నీరు మారే గుంటలో చేపలుంటాయి, కొంగలుంటాయి, గేదెలు దిగుతాయి. నిటారు అంచులతో తవ్వి వదిలేసిన గోతిలో పిల్లలు మునిగిపోతారు.

2005లో కత్రినా తుపాను తర్వాత అమెరికాలో న్యూ ఓర్లీన్స్ గట్లు మళ్లీ కట్టినప్పుడు, మట్టి తవ్వే చోట్లకు కూడా విడిగా పర్యావరణ నివేదికలు రాసి జనం ముందు పెట్టారు, చిత్తడి నేలలను వీలైనంత తప్పించారు. అక్కడా గొడవలు జరిగాయనుకోండి. కానీ గొయ్యి ఎక్కడో ముందే తెలిసింది. మన దగ్గర లంకలో కౌలుకు చేసుకునే రైతుకు పొక్లెయిన్ వచ్చాకే తెలుస్తుంది. పట్టా లేనివాడికి పరిహారమూ ఉండదు.

అందుకే ఈసారి గట్టు కోసం సంఘం తరఫున అర్జీ పెడితే నాలుగు వాక్యాలు అదనంగా చేర్చుదామని నా ప్రతిపాదన. మట్టి ఏ సర్వే నంబర్లలో తవ్వుతారు? లోతెంత? పని అయ్యాక అంచులు వాలుగా చేసి అప్పగించేదెవరు? సాగుచేసే మనిషికి ఇచ్చేదేమిటి? సమావేశానికి ముందే మీ అభిప్రాయాలు రాయండి. సేలం, షోలాపూర్, బళ్లారి వైపు సభ్యులు తమ ఇళ్లలో మట్టి పని చేసిన పెద్దలు ఉంటే ఆ దిమ్మను వాళ్లు ఏ పేరుతో పిలిచేవారో అడిగి చెప్పండి.