రూపనారాయణ నదిపై రైలు వంతెన

ఖరగ్‌పూర్ నుండి హౌరా వైపు బయలుదేరిన లోకల్ రైలు సుమారు 60 కిలోమీటర్లు సాగిన తరువాత కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిని దాటుతుంది. ఈవలి గట్టు తూర్పు మేదినీపూర్ జిల్లా, ఆవలి గట్టు హౌరా జిల్లా. నేడు జిల్లాల సరిహద్దుగా కనిపించే ఈ నది ఒకప్పుడు తెలుగునేలకూ కలకత్తాకూ నడుమ మిగిలిన పెద్ద అవరోధాలలో ఒకటి.

విజయవాడ నుండి కటక్ వరకు తూర్పు తీర రైలుమార్గం 1893–96 మధ్య దశలవారీగా సిద్ధమైంది. అయినా రాజమండ్రి వద్ద ప్రయాణికులు గోదావరిని పడవలపై దాటవలసి వచ్చేది. 1900 ఏప్రిల్‌లో కోలాఘాట్ వంతెనపై రాకపోకలు మొదలయ్యాయి. అదే సంవత్సరం గోదావరిపై హేవలాక్ వంతెన పూర్తయింది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వే అధీనంలోకి వచ్చింది. ఆ సంస్థకు ఖరగ్‌పూర్ ప్రధాన కేంద్రమైనందున, కళింగాంధ్ర నుండి ఎందరో అక్కడి వర్క్‌షాపులో, లోకో షెడ్డులో పనికి చేరారు. 1927 నాటి కార్మిక సమ్మెకు సారథ్యం వహించిన వరాహగిరి వెంకటగిరి, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయ్యారు.

వంతెన దాటగానే వచ్చే దేవుల్టీ స్టేషనుకు చేరువలో, రూపనారాయణ తీరాన సామతాబేడ్ గ్రామం ఉంది. శరత్‌చంద్రుడు తన చివరి దశలో చాలాకాలం అక్కడే నివసించాడు. చక్రపాణి మొదలైనవారి అనువాదాల వలన ఆయన తెలుగు పాఠకులకు ఇంటివాడయ్యాడు. తెలుగు శ్రమ బెంగాల్‌కు తరలిన కాలంలోనే బెంగాలీ కథ తెలుగునాటికి తరలివచ్చింది.

ఇంతలో ఎల్లలు మారాయి. 1936లో ఒరిస్సా, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాయి; 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు స్థిరపడ్డాయి. ఖరగ్‌పూర్ తెలుగువారు ఉన్నచోటనే ఉండి ప్రవాసులయ్యారు. వాల్తేరు, ఖరగ్‌పూర్ మాత్రం ఆగ్నేయ రైల్వేలో కలిసి ఉండేవి. 2003లో తూర్పు తీర రైల్వే ఏర్పడి వాల్తేరు అందులో చేరడంతో ఆ పాలనాబంధం కూడా తెగింది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషలలో ఒకటిగా గుర్తించాలని నిర్ణయించింది. శతాబ్దానికి పైగా ఆ గడ్డపై వినిపించిన భాషకు దక్కిన గౌరవమిది. అయితే వంతెనకు ప్రారంభోత్సవం ఎంత ముఖ్యమో, ఏటేటా సాగే మరమ్మతు అంతకన్న ముఖ్యం. భాషకు ఆ మరమ్మతు బడిలోనే జరగాలి. తెలుగు అక్షరాలు దిద్దే పిల్లలు, దిద్దించే ఉపాధ్యాయులు ఖరగ్‌పూర్‌లో ఉన్నంత కాలమే ఆ గుర్తింపుకు సార్థకత.